ఆపిన కారులో ఆగని కరెంటు

డిక్కీలో ఉండే చిన్న దీపం అయిదు వాట్లది. మూత వేశాక కూడా అది ఆరకపోతే లాగే కరెంటు 0.42 ఆంపియరు. వినడానికి లెక్కలోకి రాని అంకె. కానీ 24 గంటలూ ఆగకుండా లాగితే రోజుకు 10 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. మన చిన్న పెట్రోలు కార్లలో ఎక్కువగా కనిపించేది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. అందులో సగం ఖాళీ అయ్యాక, అది మూడు నాలుగేళ్ల పాతదైతే, ఇంజన్ని తిప్పుతుందన్న భరోసా లేదు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆపిన కారు ఆదివారం మధ్యాహ్నం పెళ్లికి బయల్దేరే వేళకు టకటకమని ఊరుకుంటుంది, సెల్ఫ్ అందుకోదు.

ఇలాంటప్పుడు చాలాచోట్ల ముందుగా బ్యాటరీ మార్చేస్తారు. కొత్తది కాస్త ఎక్కువ రోజులు ఓర్చుకుంటుంది కాబట్టి సమస్య తీరిందనిపిస్తుంది. నెల తిరక్కుండా అదీ దిగిపోతే ఈసారి ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే డైనమో మీద అనుమానం. ఈలోగా అసలు కరెంటు లీకు అలాగే ఉంటుంది. అంతకంటే బాధాకరం, బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన ప్రతిసారీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి దాని సామర్థ్యంలో కొంత శాశ్వతంగా పోతుంది. లీకు పట్టకుండా బ్యాటరీ మార్చడమంటే కొత్తదాన్ని కూడా అదే దారిన పంపడం.

తాళం తీసేశాక కరెంటు ఎటు పోతోందో కొన్ని వందల రూపాయల మల్టీమీటరుతో తేల్చవచ్చు. దీనికి గొప్ప నైపుణ్యం అక్కర్లేదు గానీ ఓపిక చాలా కావాలి. ఈ పనిలో తప్పుడు అంకెలు రావడానికి ప్రధాన కారణం, కారు నిద్రపోకముందే, అంటే లోపలి కంప్యూటర్లు సద్దుమణగకముందే చూడటం, లేదా వెతుకుతూ వెతుకుతూ దాన్ని లేపేయడం. కింద చెప్పేదంతా ఈ రెండు పొరపాట్లూ జరక్కుండా చూసుకోవడం చుట్టూనే తిరుగుతుంది.

ఎంత కరెంటు మామూలు

ఆపిన కారు అసలు కరెంటే తాగకూడదనుకోవడం సరికాదు. గడియారం, రేడియో మెమరీ, రిమోట్ సంకేతం కోసం ఎదురుచూసే రిసీవరు, అసలు తాళం లేకుండా ఇంజన్ని స్టార్టు కానివ్వని ఇమ్మొబిలైజరు, ఇంజన్ కంప్యూటరు, వీటన్నిటికీ కాస్త కాస్త కావాలి. ఇప్పటి కార్లలో చాలావాటికి అన్నీ కలిపి 20 నుంచి 50 మిల్లీయాంపియర్లు మామూలే. ఎలక్ట్రానిక్స్ బాగా ఎక్కువ ఉన్న పెద్ద కార్లలో ఇంకొంచెం ఉండొచ్చు. కార్బ్యురేటరు కాలం నాటి పాత కార్లలో గడియారం తప్ప పెద్దగా ఏమీ లేదు కాబట్టి అక్కడ 20 కనిపించినా అనుమానించాలి.

30 మిల్లీయాంపియర్లంటే రోజుకు 0.72 ఆంపియర్-అవరు. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సగానికి రావడానికి 24 రోజులు పడుతుంది. పైగా బ్యాటరీ తనంతట తనే దిగుతుంది, ఎండాకాలంలో ఆ వేగం మరింత ఎక్కువ. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపవుతుంది. అందుకే అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లొచ్చిన పెద్దవాళ్లకు ఇంటి ముందు కారు కదలకపోతే అది లోపం కాదు, మామూలు లెక్కే. అలాంటి ప్రయాణానికి ముందు బ్యాటరీ నిండా ఛార్జి చేసి నెగటివ్ కేబులు తీసి పెట్టడం ఒక్కటే మందు. మీటరు పట్టుకోవాల్సింది కారు రెండు మూడు రోజుల్లో, వారంలో దిగిపోతున్నప్పుడు.

ముందు బ్యాటరీ సంగతి తేలాలి

లీకు వేట మొదలుపెట్టే ముందు ఒక్క రాత్రి ఖర్చు చేస్తే సగం గందరగోళం తీరుతుంది. బ్యాటరీని నిండా ఛార్జి చేసి, హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపాలి. పలకల పైపైన నిలిచే ఛార్జి దీంతో పోతుంది, వోల్టేజి నిజం చెబుతుంది. పది నిమిషాలు ఆగి కొలవాలి. నిండుగా ఉంటే 12.6 నుంచి 12.7 వోల్టులు. తర్వాత నెగటివ్ కేబులు తీసి, అది మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే అది 12.6 దగ్గరే ఉంటే బ్యాటరీ బాగుంది, దిగిపోవడానికి కారణం కారులో ఉంది. ఏమీ తగిలించకుండానే 12.2కో 12 కిందికో పడిపోతే బ్యాటరీ లోపల ఏదో సెల్లు చెడింది; ఇక ఫ్యూజులన్నీ పీకి చూడటం వృథా. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు ఛార్జి మిగిలిందని సుమారు లెక్క.

అలాగే ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య రావాలి. అంతకంటే తక్కువుంటే బ్యాటరీ దారిలో సరిగా ఛార్జి కాకపోతుండవచ్చు. రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారుకు ఇంకో చిక్కుంది, స్టార్టు చేయడానికి తీసిందే పూర్తిగా తిరిగి చేరదు. ఇవి లీకులు కావు గానీ లక్షణం ఒకటే.

బ్యాటరీ పైభాగం కూడా చూడాలి. యాసిడ్ తడి, దుమ్ము కలిసి పేరుకుంటే ఆ పొర మీదుగానే రెండు టెర్మినళ్ల మధ్య కరెంటు పాకుతుంది. మీటరు నల్ల తీగను నెగటివ్ టెర్మినలుకు పెట్టి ఎర్ర మొనను ప్లాస్టిక్ పెట్టె మీద అక్కడక్కడా ఆనిస్తే అర వోల్టో, ఒక వోల్టో కనిపించడం ఇందుకే. వంట సోడా కలిపిన నీళ్లతో తుడిచి, కడిగి, ఆరబెడితే పోతుంది. సోడా నీళ్లు మూతల్లోంచి సెల్లుల్లోకి దిగకుండా చూసుకోవాలి.

మీటరును ఎలా పెట్టాలి

హార్డ్‌వేరు షాపుల్లో దొరికే పసుపు రంగు చిన్న మల్టీమీటర్లలో మూడు రంధ్రాలుంటాయి. నల్ల తీగ ఎప్పుడూ 'కామ్' అని రాసి ఉన్నదాంట్లో. ఎర్ర తీగ మామూలుగా ఉండేది వోల్టులు, ఓములు, మిల్లీయాంపియర్లు కలిపి రాసిన రంధ్రంలో. ఆ రంధ్రంలో కరెంటు కొలవడానికి పరిమితి చాలా మీటర్లలో 200 మిల్లీయాంపియర్లే. దాటితే లోపలి ఫ్యూజు పోతుంది. కారు నిద్ర లేచిన క్షణంలో నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి లీకు చూడటానికి ఎప్పుడూ 10 ఆంపియర్ల రంధ్రమే వాడాలి, డయల్ కూడా 10 ఆంపియర్ల డీసీ మీదికే తిప్పాలి. అక్కడ చివరి అంకె 10 మిల్లీయాంపియర్లు. 0.03 అని కనిపిస్తే 30 మిల్లీయాంపియర్లన్నమాట. ఈ పనికి ఆ మాత్రం సూక్ష్మత చాలు.

చవక మీటర్లలో ఒక ప్రమాదం దాగి ఉంది. 10 ఆంపియర్ల రంధ్రం పక్కనే చిన్న అక్షరాల్లో, దానికి ఫ్యూజు లేదనీ, పదేసి సెకన్లకు మించి పూర్తి కరెంటు పంపొద్దనీ రాసి ఉంటుంది. మిల్లీయాంపియర్లు పోతున్నంతసేపూ ఎంతసేపు ఉంచినా ఫర్వాలేదు. కానీ పొరపాటున ఎవరైనా తాళం తిప్పి సెల్ఫ్ కొడితే వందల ఆంపియర్లు ఆ తీగలోంచే పోవాలని చూస్తాయి. తీగ కరిగి చేయి కాలుతుంది. ఆటో విడిభాగాల షాపులో దొరికే ఫ్యూజు హోల్డరును ఎర్ర తీగకు వరుసలో కలిపి, 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పెడితే ఈ భయం తీరుతుంది. చిన్న ఖర్చు, దీన్ని మానకూడదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ తాళం జేబులో పెట్టుకోవడం కాదు, ఇంట్లో పెట్టి రావాలి.

ఫ్యూజు ఉన్న మంచి మీటర్లలో ఇంకో మోసం ఉంది. ఎప్పుడో పోయిన ఫ్యూజుతోనే కొలిస్తే తెర మీద 0.00 కనిపిస్తుంది, లీకు లేదనిపిస్తుంది. నిజానికి కారుకు కరెంటే అందట్లేదు. కొత్తగా చూసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ముందుగా 5 వాట్ల కారు బల్బు ఒకటి మీటరుతో వరుసలో బ్యాటరీకి కలిపి 0.4 చూపిస్తోందో లేదో సరిచూసుకుంటే చాలు.

కేబులు తీయాల్సింది నెగటివ్ వైపు నుంచే. పాజిటివ్ విప్పుతున్నప్పుడు స్పానరు బాడీకి తగిలితే నేరుగా షార్టు. నెగటివ్ వైపు తగిలినా ఏమీ కాదు, అదీ ఇదీ ఒకే ఎర్త్. చేతి ఉంగరం, గడియారం, గాజులు ముందే తీసేయాలి. అప్పుడే ఛార్జి చేసిన బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, అక్కడ నిప్పు పనికిరాదు.

కారు కరెంటు ఒక్క క్షణం కూడా తెగకుండా మీటరును మధ్యలోకి తేవడం ఈ పనిలో అసలు కిటుకు. పదో నంబరు స్పానరుతో క్లాంపు నట్టు వదులు చేయాలి, కానీ ఎత్తకూడదు. మీటరు నల్ల తీగను మొసలి క్లిప్పుతో బ్యాటరీ సీసపు పోస్టుకు, ఎర్ర తీగను కేబులు క్లాంపుకు బిగించాలి. అప్పుడు క్లాంపును మెల్లగా పైకి లేపితే కరెంటు ఆగకుండా మీటరులోంచి పోవడం మొదలవుతుంది. కేబులు పూర్తిగా ఊడదీసి తర్వాత మీటరు పెడితే కారులోని ప్రతి కంప్యూటరూ కొత్తగా మేలుకుంటుంది, గడియారం, రేడియో అమరికలు పోతాయి, కొన్ని కార్లలో కిటికీ అద్దాల ఆటో పనీ తప్పుతుంది. అన్నిటినీ మించి, నిద్రకు మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాలి. మందమైన జంపర్ వైరు ఒకటి పోస్టుకీ కేబులుకీ మధ్య విడిగా సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. తలుపు తీయాల్సొచ్చినా, మీటరు కదపాల్సొచ్చినా ముందు ఆ వైరు తగిలించి కరెంటును దానిమీదికి మళ్లించవచ్చు.

కొన్ని కొత్త కార్లలో నెగటివ్ పోస్టు మీదే బ్యాటరీ సెన్సరు ఉంటుంది, క్లాంపుతో పాటే కదులుతుంది. దాన్ని పట్టి లాగకూడదు. డీసీ క్లాంప్ మీటరు ఉంటే కేబులు విప్పాల్సిన పనే లేదు. నెగటివ్ తీగ చుట్టూ వేసి చూడొచ్చు. కానీ ఇంటి కరెంటు పనివాళ్ల దగ్గర ఉండే క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, కారులో అవి సున్నా చూపిస్తాయి. డీసీ కొలిచేదైనా మిల్లీయాంపియర్లను స్పష్టంగా చూపేదై ఉండాలి, ప్రతిసారీ ముందు సున్నాకు సరిచేసుకోవాలి.

నిద్రపుచ్చడం

తలుపులన్నీ మూసి తాళం వేసిన పది నిమిషాలకు చూసిన అంకెకు విలువ లేదు. కంప్యూటర్లు ఒకదాని తర్వాత ఒకటిగా నిద్రపోతాయి. కొన్ని కార్లలో 15 నిమిషాలు, కొన్నింట్లో 45, మరికొన్నింట్లో గంట. మీటరు మీద అంకె మెట్లు మెట్లుగా దిగుతుంది. 3 ఆంపియర్ల దగ్గర మొదలై 0.8కి, అక్కడి నుంచి 0.2కి, చివరికి 0.03కి వచ్చి నిలబడితే ఆ కారు ఆరోగ్యంగా ఉంది. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో అదే ఆచూకీ.

లోపలి ఫ్యూజు పెట్టె ఎక్కువ కార్లలో డ్రైవరు వైపు డాష్‌బోర్డు కింద ఉంటుంది కాబట్టి తలుపు తెరిచి ఉంచాల్సిందే. తెరిచి ఉందని కారుకు తెలియకూడదు. తలుపు అంచులో ఉండే తాళపు కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసిన స్థితికి తెస్తే లోపలి దీపం ఆరిపోతుంది, తలుపు మూసినట్టే కారు అనుకుంటుంది. పని అయ్యాక హ్యాండిలు లాగి కొక్కేన్ని విడిపించకుండా తలుపు బాదితే కొక్కెం వంగిపోతుంది, ఇది మరిచిపోకూడదు. పాత కార్లలో అయితే తలుపు చట్రం మీద చిన్న రబ్బరు బటను ఉంటుంది, దాన్ని టేపుతో అదిమి పెడితే సరి. దొంగల అలారం ఉన్న కార్లకు బానెట్ దగ్గర కూడా స్విచ్చి ఉంటుంది, దాన్నీ అలాగే అదమాలి. డ్రైవరు కిటికీ అద్దం ముందే దింపి ఉంచడం మేలు, సెంట్రల్ లాకింగ్ తనంతట తనే పడిపోతే బయటే నిలబడాల్సి వస్తుంది.

బటను నొక్కి స్టార్టు చేసే కార్లలో తాళాన్ని కారుకు కనీసం అయిదారు మీటర్ల దూరంలో పెట్టాలి. దగ్గరుంటే కొన్ని కార్లు పదే పదే మేలుకుంటాయి. ఇల్లు కట్టే తీరు వల్ల మన దగ్గర ఇది నిజంగా ఎదురయ్యే సమస్య: పోర్టికోలో కారు, గోడకు ఇవతల మేకుకు వేలాడే తాళం, మధ్య దూరం రెండు మీటర్లు. ఏ లోపమూ లేని కారు ఇలా దిగిపోవచ్చు. తాళం చోటు మార్చి నాలుగు రోజులు చూడటానికి పైసా ఖర్చు లేదు.

అంకెను బట్టి ఎవరిని అనుమానించాలి

అంకె స్థిరపడ్డాక వెంటనే ఫ్యూజులు పీకడం మొదలుపెట్టకుండా దాన్ని కాసేపు చూడాలి. ప్రతి పరికరానికీ తనదైన ఆకలి ఉంది. 0.12 నుంచి 0.17 మధ్య అదనంగా ఉంటే ముందు రిలే మీద, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చి మీద, అనుమానం రావాలి: కారు రిలేలో చుట్టకు 70 నుంచి 100 ఓముల నిరోధం, 12 వోల్టుల మీద లెక్కేస్తే సరిగ్గా ఆ కరెంటే. 0.4 అయితే 5 వాట్ల బల్బు. డిక్కీలోదో, గ్లోవ్ బాక్సులోదో, సన్‌షేడు అద్దం పక్కనదో. డిక్కీ దీపం ఆరిందా లేదా తెలియాలంటే ఫోనులో వీడియో పెట్టి లోపల ఉంచి మూత వేసి తీస్తే సరి. 0.8 అయితే 10 వాట్ల పైకప్పు దీపం. 3.5 దగ్గరుంటే రెండు బ్రేకు లైట్లు: ఒక్కోటి 21 వాట్లు, అంటే ఒక్కోటి 1.75 ఆంపియరు. అర ఆంపియరుకు పైన నిలకడ లేకుండా ఊగుతుంటే ఏదో కంప్యూటరు నిద్రపోవట్లేదు.

బ్రేకు లైట్ల విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, పాత కార్లలో ఇది తరచూ దొరుకుతుంది. పెడలు పైకి వచ్చినప్పుడు స్విచ్చి మొనను నొక్కడానికి పెడలు మీద చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. ఏళ్ల వేడికి పెళుసెక్కి అది ముక్కలై కింద రాలిపోతుంది. మొన ఆ రంధ్రంలోంచి దూరిపోవడంతో స్విచ్చికి పెడలు నొక్కినట్టే అనిపిస్తుంది, లైట్లు రాత్రంతా వెలుగుతాయి. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాట్ మీద ప్లాస్టిక్ పెంకులు కనిపిస్తే మీటరు కూడా అక్కర్లేదు.

ఫ్యూజుల మీద వోల్టేజి చూసే పద్ధతి

ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకి కరెంటు ఎప్పుడు తగ్గుతుందో చూడటం పాత పద్ధతి. పాత కార్లకు అది ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. ఇప్పటి కార్లలో మాత్రం తీసిన ఫ్యూజు తిరిగి పెట్టగానే ఆ కంప్యూటరు మేలుకుని తోటివాటన్నిటినీ లేపుతుంది. మళ్లీ అరగంట ఆగాలి. ఇరవై ఫ్యూజులకు ఇలా చేస్తే రోజంతా పోతుంది. తీసినవాటిని చివరిదాకా పెట్టకపోవడం ఒక ఉపాయం. ఇంతకంటే మంచి దారి ఒకటుంది.

ఫ్యూజు అంటే చిన్న నిరోధం. దానిలోంచి కరెంటు పోతుంటే రెండు కొసల మధ్య వోల్టులో కొన్ని వెయ్యో వంతుల తేడా వస్తుంది. ప్రతి బ్లేడు ఫ్యూజు నెత్తిన రెండు లోహపు చుక్కలు బయటికి కనిపిస్తాయి, మీటరు మొనలు పెట్టడానికే వాటిని వదిలారు. బ్యాటరీ కేబులు మామూలుగా బిగించి ఉంచి, కారు నిద్రపోయాక, మీటరు ఎర్ర తీగను వోల్టుల రంధ్రంలోకి మార్చి, 200 మిల్లీవోల్టుల మీద పెట్టి ఒక్కో ఫ్యూజు నెత్తినా ఆనించుకుంటూ పోవాలి. ఏదీ పీకనక్కర్లేదు, ఎవరూ మేలుకోరు. 0.0 వస్తే ఆ దారిలో ఏమీ పోవట్లేదు. అంకె కనిపించిన ఫ్యూజే వెతుకుతున్న దారి.

ఎంత పోతోందో కూడా రంగును బట్టి అంచనా వేయొచ్చు. చిన్న సైజు ఫ్యూజుల్లో 5 ఆంపియర్ల లేత గోధుమరంగు దానికి నిరోధం సుమారు 17 మిల్లీఓములు, కాబట్టి ఒక మిల్లీవోల్టు కనిపిస్తే దాదాపు 60 మిల్లీయాంపియర్లు. 10 ఆంపియర్ల ఎర్రదానికి 7.5, అంటే ఒక మిల్లీవోల్టుకు 130. 15 ఆంపియర్ల నీలందానికి సుమారు 215, 20 ఆంపియర్ల పసుపుదానికి 310. 30 ఆంపియర్ల ఆకుపచ్చదానికి 500 దాటుతుంది. చవక మీటరులో చివరి అంకె 0.1 మిల్లీవోల్టు. కాబట్టి పెద్ద ఫ్యూజుల మీద 50 మిల్లీయాంపియర్ల కంటే చిన్న లీకు దాని కంటికి ఆనదు. అక్కడ కేబులు దగ్గర కొలిచిన మొత్తం అంకెతో పోల్చి చూసుకోవాలి. మొనలు రెండూ ఒకదానికొకటి ఆనించినప్పుడు 0.0 రావాలి, లేదంటే ఆ తేడా తీసేయాలి.

ముందు బానెట్ కింది పెట్టె, తర్వాత లోపలిది. ఫ్యూజు దొరికాక పెట్టె మూత లోపలివైపు ఉండే పటం, కారుతో ఇచ్చిన పుస్తకం చూసి దాని మీద ఏమేం ఉన్నాయో రాసుకుని, ఒక్కోదాని కనెక్టరు ఊడదీస్తూ చూడాలి. పసుపు రంగు కనెక్టర్ల జోలికి మాత్రం పోకూడదు, అవి ఎయిర్‌బ్యాగువి.

ఇక్కడ తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. ఫ్యూజు చూపేది కరెంటు పోతున్న దారినే. తలుపులు, దీపాలు చూసుకునే బాడీ కంట్రోలు కంప్యూటరుకు వెళ్లే ఫ్యూజు మీద 300 మిల్లీయాంపియర్లు కనిపించిందంటే ఆ కంప్యూటరే చెడిందని అర్థం కాదు. వెనక తలుపు తాళంలోని స్విచ్చి అరిగిపోయి తలుపు తెరిచే ఉందని చెబుతుంటే పాపం అది మెలకువగా ఉండక ఏం చేస్తుంది? వేలు పోసి కంప్యూటరు మార్చాక లీకు అలాగే ఉండిపోయేది ఇలాంటి చోటే. మీటర్ల ప్యానెల్ మీద తలుపు గుర్తు సరిగ్గా ఆరుతోందా, తాళం తీశాక ఏ దీపమైనా మిగిలిందా, వైపర్లు, హజార్డు, డిక్కీ స్విచ్చిలు సరిగా ఉన్నాయా అని దానికి సమాచారం ఇచ్చేవాటిని ముందు చూడాలి.

రిలే మీద అనుమానం ఉంటే చేయి పెట్టి చూస్తే చాలు. గంట కిందట ఆపిన కారులో మిగతావన్నీ చల్లగా ఉండి ఒకటి మాత్రం గోరువెచ్చగా ఉందంటే అదే పని చేస్తోంది. అదే నంబరున్న పక్క రిలేతో మార్చి చూస్తే రిలే లోపమా, దాన్ని నొక్కి పెడుతున్న స్విచ్చి లోపమా తెలుస్తుంది.

ఫ్యూజులన్నీ శుభ్రంగా ఉన్నా లీకు ఉంటే

డైనమోకు వెళ్లే మందపు తీగ మామూలు ఫ్యూజుల గుండా పోదు. డైనమో లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్లు బ్యాటరీ కరెంటు వెనక్కి రాకుండా కూడా అడ్డుకుంటాయి. ఒక్క డయోడు సగం చెడినా ఆపిన కారులో కరెంటు అటే జారిపోతుంది. తేల్చుకోవడానికి బ్యాటరీ నెగటివ్ తీసి, డైనమో వెనక మందపు తీగ నట్టు విప్పి, ఆ కొసకు టేపు చుట్టి దూరంగా ఉంచి, మళ్లీ మీటరు పెట్టి నిద్రదాకా ఆగి చూడాలి. లీకు మాయమైతే దోషి దొరికినట్టే. డయోడు లీకు వేడి మీద ఎక్కువగా ఉంటుంది. ఇరవై కిలోమీటర్లు తిప్పి ఆపాక, కారు నిద్రపోయినా ఇంజన్ ఇంకా వేడిగా ఉన్నప్పుడు 0.4 ఉండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు 0.1కి తగ్గితే ఈ వైపే చూడాలి. పొద్దున మాత్రమే కొలిచి బాగుందనుకుంటే దొరకదు.

ఇంజన్ నడుపుతూ బ్యాటరీ మీద ఏసీ వోల్టేజి కొలవడం ఇంకో సూచన. అర వోల్టు దాటితే డయోడు అనుమానం. అయితే ఈ పరీక్ష చవక మీటర్లతో చేయకూడదు. వాటిలో ఏసీ మీద పెట్టినా డీసీ కూడా లోపలికి చేరి 14 వోల్టులనే రెట్టింపుకు పైగా చూపిస్తుంది, తీగలు తిప్పితే సున్నా. అది చూసి మంచి డైనమో మార్చినవాళ్లున్నారు.

బయట బిగించినవి

కంపెనీ వైరింగు కంటే తర్వాత బిగించినవాటి దగ్గరే మన కార్లలో లీకులు ఎక్కువగా దొరుకుతాయి. మొదటి అనుమానం ఆండ్రాయిడ్ తెర ఉన్న మ్యూజిక్ సిస్టం మీదే. దానికి పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి, ఎర్ర తీగ తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటికి కలపాలి. తాళం తీగ వెతకడానికి బద్ధకించి రెండూ కలిపి మెలేస్తే తెర ఆరినట్టే కనిపిస్తుంది, లోపల కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది. ఆంప్లిఫయరుకు వెళ్లే నీలం తీగ కూడా అలాగే ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి కలిపితే సీటు కింద ఆంప్లిఫయరు రాత్రంతా వెచ్చగా ఉంటుంది. ఆపిన కారు కావలి కాసే డ్యాష్ కెమెరా, ఇంజన్ వివరాలు ఫోనుకు పంపే డయాగ్నస్టిక్ సాకెట్ పరికరం, బండి ఎక్కడుందో తెలపడానికి ట్యాక్సీల్లో పెట్టే ఏఐఎస్-140 ట్రాకరు ఇవన్నీ ఆగకుండా తాగేవే. డయాగ్నస్టిక్ సాకెట్లోది తన కోసమే కాక కారు కంప్యూటర్లను కూడా మేలుకొలిపి ఉంచగలదు. ఫాస్టాగ్ మీద కొందరికి అనుమానం ఉంటుంది గానీ దానికి కారు బ్యాటరీతో సంబంధమే లేదు. టోల్ గేటు రీడరు పంపే తరంగాల శక్తితోనే అది బదులిస్తుంది.

పరీక్షించేటప్పుడు ఇలాంటివన్నీ ముందే తీసేసి చూడటం కాకుండా, ఉన్నవి ఉన్నట్టే ఉంచి మొత్తం కొలిచి, ఆ తర్వాత ఒక్కోటి తీస్తూ ఎంత తగ్గిందో రాసుకోవాలి. మ్యూజిక్ సిస్టం 60, ట్రాకరు 40, కెమెరా 150 మిల్లీయాంపియర్లు అనుకుందాం. విడివిడిగా ఏదీ పెద్ద దోషిలా కనిపించకపోయినా మూడూ కలిసి రోజుకు 6 ఆంపియర్-అవర్లు మింగుతాయి.

వానాకాలంలో ఇంకో రకం. బానెట్ కింద ఎలుకలు తీగల పైపొర కొరికేస్తాయి, తడి తగలగానే అక్కడి నుంచి బాడీకి కరెంటు పాకుతుంది. ఎండ కాయగానే తగ్గిపోతుంది. డ్రైవరు కాళ్ల కింద మ్యాట్ తడిగా ఉంటే ఆ పక్కనున్న కనెక్టర్లు విప్పి పచ్చని తుప్పు ఉందేమో చూడాలి. ఎండ రోజున మీటరుకు ఇది చిక్కదు. వాన పడిన మర్నాడే కొలవాలి.

ఉండుండి వచ్చే లీకుకు అరగంట చూపు సరిపోదు. ఎక్కువ తక్కువలను గుర్తుపెట్టుకునే మీటరు అయితే గరిష్ఠం నమోదు చేసే బటను నొక్కి రాత్రంతా వదలొచ్చు. అది లేనప్పుడు మీటరు ఎదుట ఫోను నిలబెట్టి రెండు గంటల వీడియో తీసి, ఏ నిమిషంలో అంకె ఎగిరిందో తర్వాత వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. మరమ్మతు అయ్యాక కూడా అదే పద్ధతిలో, అదే ఓపికతో మరోసారి కొలవాలి. అంకె 50 మిల్లీయాంపియర్ల లోపుకు రాకపోతే రెండో లీకు ఇంకా ఉంది. వచ్చాక బ్యాటరీని ఛార్జరు మీద నిండా ఛార్జి చేయాలి, డైనమో ఆ పని ఊళ్లో చిన్న చిన్న ప్రయాణాల్లో పూర్తి చేయలేదు. నెగటివ్ పోస్టు మీద సెన్సరు ఉన్న కారు అయితే ఛార్జరు నెగటివ్ క్లిప్పును పోస్టుకు బదులు ఇంజన్ దగ్గరి బాడీ ఎర్త్‌కు తగిలించాలి.